కొన్న లిస్టుకు మెయిల్ పంపొచ్చా? చిన్న వ్యాపారుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లకు మన సరుకు గురించి ఈమెయిల్ పంపడం తప్పా, పంపితే గిరాకీ వస్తుందా అని. హనుమకొండలో చిన్న దుకాణాలవాళ్లకు మెయిళ్లు రాసిపెట్టే పని పదేళ్లకు పైగా చేస్తున్నాను, కాబట్టి దీని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను, పేర్లు వేయలేదు.

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ కొత్తవాడ. తాత కాలం నుంచి దర్రీలు, జంపఖానాలు నేయించి అమ్ముతున్నాం. హోటళ్లు, ఇంటీరియర్ డిజైనర్ల మెయిల్ ఐడీలు 18,000 ఉన్న ఎక్సెల్ ఫైలు ఒకతని దగ్గర 4,000 రూపాయలకు కొన్నాను. మా దుకాణం పేరుతో ఉన్న ఐడీ నుంచే రోజుకు రెండు వేల చొప్పున తొమ్మిది రోజులు ఫొటోలు, రేట్లు పంపాను. రెండే జవాబులు వచ్చాయి, రెండూ తిట్లే. అది పోనీ, ఇప్పుడు హైదరాబాద్‌లో మా పాత పార్టీకి కొటేషన్ పంపినా స్పామ్‌లో పడుతోందట. ఆయన ఫోన్ చేసి అడిగేదాకా నాకు తెలియదు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఫైలు తీసేయండి తమ్ముడూ. నాలుగు వేలు పెట్టి కొన్నది కదా, ఇంకోసారి వేరే మాటలతో పంపి చూద్దామని మనసు లాగుతుంది, అది కంప్యూటర్‌లో ఉన్నంతకాలం లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకుండా మందు వేసినా పనిచేయదు. మీ దర్రీ మంచిదా కాదా అన్నది జీమెయిల్‌కు తెలియదు. మీ మెయిల్ అందుకున్నవాళ్లు దాన్ని ఏం చేశారన్నదే దానికి కనిపిస్తుంది. అమ్ముడుపోయే లిస్టుల్లో చాలా ఐడీలు చచ్చిపోయినవే, వాటికి పంపినవి తిరిగొస్తాయి. కొన్ని ఐడీలైతే ఏ మనిషీ వాడనివి, స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికే వలలా వేసి ఉంచినవి. ఆ ఐడీని ఎవరూ మీకు ఇచ్చి ఉండరు కదా, అక్కడికి మీ మెయిల్ వెళ్లిందంటే మీరు లిస్టు కొన్నట్టో, ఎక్కడో ఏరుకున్నట్టో వాళ్లకు తెలిసిపోతుంది. ఇక మిగిలింది బతికున్న మనుషులు, వాళ్లలో విసుగొచ్చినవాళ్లు స్పామ్ అని నొక్కుతారు. గూగుల్ బయటికి చెప్పిన లెక్క ఏమిటంటే, ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్లలో ఇలాంటి ఫిర్యాదులు 0.1 శాతం లోపే ఉండాలి, 0.3 శాతానికి ఎప్పుడూ చేరకూడదు. అంటే వెయ్యికి ముగ్గురు. మీరు రోజుకు రెండు వేలు పంపారు, అవన్నీ చేరాయనుకున్నా రోజుకు ఆరుగురు నొక్కితే చాలు. తెలియని మనిషి పొద్దున్నే రేట్ల పట్టిక పంపితే రెండు వేల మందిలో ఆరుగురికి కోపం రాదా?

ఆ చెడ్డపేరు మీ దుకాణం డొమైన్‌కు, అంటే మీ మెయిల్ ఐడీలో @ గుర్తు తర్వాత ఉండే పేరుకు అంటుకుంటుంది. అందుకే మీ పాత పార్టీకి పంపిన కొటేషన్ కూడా అదే గంపలో పడింది. నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారులందరికీ నేను పదే పదే చెప్పేది ఇదే: ఇలాంటి మెయిళ్ల వల్ల పోయేది కొత్త గిరాకీ కాదు, అది ఎలాగూ రాదు, పోయేది పాత గిరాకీ. మీ తాత, మీ నాన్న సంపాదించిన పార్టీలు మీ మాట వినపడక వేరే దుకాణానికి పోతారు, పోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు.

బాగుచేసుకునే దారి ఉంది, కాస్త ఓపిక కావాలి. మీ డొమైన్ ఎవరి దగ్గర కొన్నారో వాళ్లను అడిగి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోండి. మొదటిది మీ పేరు మీద ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా, రెండోది దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర, మూడోది ఆ రెండూ కుదరని మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే ఆదేశం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ వీటి మీద గట్టిగా ఉన్నాయి. జీమెయిల్‌కు రోజుకు ఐదు వేలకు మించి పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి, మిగతావాళ్లకు మొదటి రెండింట్లో ఒకటైనా ఉండాలి, నేనైతే మూడూ పెట్టుకోమనే చెప్తాను. తర్వాత కొన్ని వారాలు తెలిసినవాళ్లకు తప్ప ఎవరికీ పంపకండి. పాత పార్టీలకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మీ మెయిల్‌ను స్పామ్ నుంచి తీసి 'ఇది స్పామ్ కాదు' అని నొక్కమనండి, ఒక జవాబు కూడా ఇమ్మనండి. జవాబులు వస్తూ పోతూ ఉంటే పేరు మెల్లగా తిరిగొస్తుంది. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ అని ఉచితంగా ఒకటి ఉంది, పెద్ద ఎత్తున పంపి ఉన్నారు కాబట్టి మీ డొమైన్ మీద ఎన్ని ఫిర్యాదులున్నాయో అందులో కనిపించొచ్చు. కొత్త డొమైన్ కొని మళ్లీ అదే పని మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

ఇంతకీ కొత్తవాళ్లకు రాయడమే తప్పా అంటే, కాదు. మన దగ్గర పెళ్లికి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం, వెళ్లేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో తెలుసుకుంటాం, గడప దగ్గర ఆగి పేరు పెట్టి పలకరిస్తాం. మెయిల్ కూడా అంతే. పద్దెనిమిది వేలు వదిలేసి ఇరవై హోటళ్లు ఎంచుకోండి. ఒక్కో హోటల్ ఫొటోలు చూడండి, నేల మీద ఏం పరిచారో చూడండి, కొనుగోళ్లు చూసే మనిషి ఎవరో ఫోన్ చేసి కనుక్కోండి. తర్వాత ఇలా రాయండి:

'నమస్కారం. మీ హోటల్ వరండా ఫొటోల్లో నేల ఖాళీగా కనిపించింది. మేము వరంగల్ కొత్తవాడలో చేతిమగ్గాల మీద నూలు దర్రీలు నేయిస్తాం. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మీ వరండా కొలతలకు, మీరు చెప్పిన రంగుల్లో ఒక్క దర్రీ అయినా నేసి ఇస్తాం. చూడటానికి అడుగున్నర ముక్క మా ఖర్చుతో పంపమంటారా? అవసరం లేకపోతే వద్దని ఒక్క మాట రాయండి, మళ్లీ రాయను.'

కింద మీ పేరు, దుకాణం పూర్తి అడ్రస్, ఫోన్ నంబర్. ఇంగ్లిష్‌లో పంపినా లోపల ఉండాల్సింది ఇదే. ఫొటో ఒక్కటి చాలు, పది మెగాబైట్ల కేటలాగ్ తెలియనివాళ్ల మీద పడేయకండి. జవాబు రాకపోతే పదిరోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఇరవైకి ఇద్దరు ముక్క పంపమన్నా మీకు లాభమే, ఎందుకంటే దర్రీ చేతిలోకి వచ్చాక అదే మాట్లాడుకుంటుంది.

ప్రశ్న: సార్, డిగ్రీ అయిపోయి హనుమకొండలోనే ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో చేరాను. వెబ్‌సైట్లు తిరిగి మెయిల్ ఐడీలు ఏరి లిస్టు చేయమంటున్నారు. మన దేశంలో దీనికి చట్టమే లేదు, పైగా ఇలా కుప్పగా పంపితేనే పదిమంది దొరుకుతారు అంటారు మా బాస్. నిజమేనా?

జవాబు: మొదటి మాట చాలావరకు నిజం. స్పామ్ మెయిల్ కోసమని మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. విసిగించే మెయిళ్ల ప్రస్తావన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో కొంత ఉండేది, భావప్రకటన స్వేచ్ఛకు భంగమని 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు ఫోన్ కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు, మెయిల్‌కు కాదు. కానీ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మనిషి తనంతట తానే బహిరంగంగా పెట్టుకున్న వివరాలు ఆ చట్టం పరిధిలోకి రావు. 'మమ్మల్ని సంప్రదించండి' అని ఎవరైనా తన ఐడీని తన వెబ్‌సైట్‌లో తానే పెట్టుకుంటే అది అలాంటిదే. ఎవరో ఎక్కడో సేకరించి చేతులు మార్చుకుంటూ వచ్చిన ఐడీ అలాంటిది కాదు. ఈ తేడా మీ బాస్‌కు చెప్పండి.

రెండో మాటకు జవాబుగా పాత కథ ఒకటి. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు ముందటి కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్పానెట్‌లో సుమారు నాలుగు వందల మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. లోకంలో మొదటి స్పామ్ అదే అంటారు. తిట్లు బాగానే పడ్డాయి, కోటి డాలర్లకు పైగా అమ్మకాలు కూడా వచ్చాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 'చూశారా, పనిచేసింది కదా' అని చాలామంది ఈ కథను అక్కడే ఆపేస్తారు. ఆ నాలుగు వందల మంది ఎవరు? అందరూ కంప్యూటర్లతోనే పనిచేసేవాళ్లు, ఆయన పిలిచింది కొత్త కంప్యూటర్ల ప్రదర్శన చూడటానికి, అదీ అమెరికా పడమటి తీరంలో ఉన్నవాళ్లను. తిట్టినవాళ్లకు కూడా ఆ విషయంతో సంబంధం ఉంది. మీరు ఏరే లిస్టులో అలాంటి సంబంధం ఎంతమందికి ఉంటుంది? పనిచేసింది కుప్ప కాదు, ఎంపిక.

నా చేతుల మీదుగా జరిగిన పని కూడా ఒకటి చెప్తాను. వరంగల్‌లో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒకాయన కోసం పిల్లల స్కూల్ డైరీల గురించి స్కూళ్లకు రాశాం. ముప్పై దాకా స్కూళ్లు, ప్రతిదానికీ పోయినేడాది డైరీ ఎవరో ఒక పిల్లాడి దగ్గర తీసుకుని తిరగేశాం, ఒకదాంట్లో సెలవుల జాబితాలో బతుకమ్మ తేదీ తప్పు పడింది, ఒకదాని బైండింగ్ దసరాకే ఊడిపోయింది, అదే మెయిల్ మొదటి లైన్‌లో మర్యాదగా రాశాం. మూడు స్కూళ్లు ఆర్డర్ ఇచ్చాయి, అందులో రెండు ఇప్పటికీ ఆ ప్రెస్‌లోనే వేయిస్తున్నాయి. ఇదంతా చేయడానికి రెండు వారాలు పట్టింది, నిజమే. మీ బాస్‌తో గొడవ పడొద్దు, ముప్పై మందికి ఇలా రాసే అవకాశం అడగండి, కుప్పకు వచ్చిన జవాబులూ వీటికి వచ్చిన జవాబులూ పక్కపక్కన పెట్టి చూపించండి. జవాబులే లెక్కపెట్టండి, మెయిల్ ఎంతమంది తెరిచారన్న సంఖ్యను నమ్మొద్దు. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్క పడేలా ఒక రక్షణ ఉంది.

ప్రశ్న: నమస్తే అన్నా. కరీంనగర్‌లో ఇంట్లోనే సకినాలు, గరిజలు, మురుకులు చేసి అమ్ముతాను. ఆరేళ్ల ఆర్డర్ల నుంచి ఆరు వందల చిల్లర మెయిల్ ఐడీలు ఉన్నాయి, సగం అమెరికాలో ఉన్న మన పిల్లలవే. నిరుడు సంక్రాంతికి అందరి ఐడీలు ఒకే వరుసలో పెట్టి మెయిల్ పంపాను. ఒకరి ఐడీ ఒకరికి కనిపించిందని ఒకమ్మాయి చాలా కోపంగా రాసింది. ఈసారి పంపాలంటే చేయి రావడం లేదు. పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు చెల్లెమ్మా, పంపాలి కూడా. మీ సకినాలు ఒకసారి తిన్నవాళ్లు వాళ్లు, కొత్తవాడ తమ్ముడి లిస్టుకూ మీ లిస్టుకూ చాలా తేడా ఉంది. కానీ ఆ అమ్మాయి కోపం న్యాయమైనది. ఆరు వందల మంది ఐడీలు ఆరు వందల మందికి చూపించడమంటే, ఒకరి ఇంటి అడ్రస్ ఊరంతా పంచినట్టే. వాళ్లలో ఎవరైనా ఆ వరుసను కాపీ చేసి తన వ్యాపారానికి వాడుకుని ఉండొచ్చు. ఆ అమ్మాయికి విడిగా క్షమాపణ రాయండి, ఆమె ఐడీ తీసేశానని చెప్పండి, మళ్లీ కావాలంటే ఆమే అడుగుతుంది.

ఇకమీదట 'టు'లో మీ ఐడీ, ఒకరి ఐడీ ఒకరికి కనిపించని 'బీసీసీ' వరుసలో మిగతావాళ్లవి పెట్టడం కనీస జాగ్రత్త. మామూలు జీమెయిల్ నుంచి రోజుకు ఐదు వందల మందికి మించి పంపలేరు, అందుకని కుప్పగా పంపే సర్వీసు ఏదైనా పెట్టుకుంటే మంచిది, అది ఒక్కొక్కరికి విడివిడిగా పంపుతుంది, ఇక పంపొద్దని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా తానే పెడుతుంది.

వాళ్లు మీకు ఐడీ ఇచ్చింది పార్సిల్ వివరాల కోసం, ఆఫర్ల కోసం కాదు. కాబట్టి మొదటి మెయిల్‌లో అమ్మకం మాట తక్కువ పెట్టి, ఫలానా సంవత్సరం మీరు నా దగ్గర సకినాలు తెప్పించుకున్నారు, ఏడాదికి ఒకసారి సంక్రాంతికి ముందు రాస్తాను, వద్దంటే ఇక్కడ నొక్కండి అని అడగండి. ఏడాదికి ఒకసారి అన్నాక ఉగాదికి, దసరాకి మళ్లీ పంపకండి, ఆ ఒక్క మాట మీద నిలబడితేనే వచ్చే ఏడాది మీ మెయిల్ తెరుస్తారు.

దేశాన్ని బట్టి నియమాలూ మారతాయి. అమెరికాలో 2004 నుంచి అమల్లో ఉన్న క్యాన్‌స్పామ్ చట్టం ముందే అనుమతి తీసుకోమనదు, కానీ సబ్జెక్ట్ లైన్‌లో అబద్ధం ఉండకూడదు, మీ పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దనే దారి ఉండాలి, వద్దన్నవాళ్లను పది పనిదినాల్లో తీసేయాలి. కెనడా చట్టం ఇంకా గట్టిది, మామూలుగా ముందు అనుమతి కావాలి, అయితే గత రెండేళ్లలో మీ దగ్గర కొన్నవాళ్లకు పంపడానికి వీలుంది. యూరప్‌లో కూడా అనుమతే మొదటి మాట. మీ లిస్టును ఒక పూట కూర్చుని దేశాల వారీగా విడదీయండి, రెండేళ్లు దాటిన కెనడా ఐడీలు పక్కన పెట్టండి. మెయిల్ డిసెంబర్ మొదట్లోనే వెళ్లాలి. సంక్రాంతికి వారం ముందు పంపితే అమెరికాకు పార్సిల్ ఎప్పుడు చేరుతుంది?

ప్రశ్న: జగిత్యాల నుంచి రిటైర్డ్ టీచర్‌ను. రోజూ నలభై ప్రకటనల మెయిళ్లు వస్తున్నాయి. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ఇంకా ఎక్కువ వస్తాయని మా అబ్బాయి అంటాడు. నిజమా?

జవాబు: సగం నిజం సార్. మీరు ఎప్పుడో కొన్న దుకాణమో, మీకు తెలిసిన బ్యాంకో అయితే నిర్భయంగా నొక్కండి. జీమెయిల్‌లో పంపినవాళ్ల పేరు పక్కనే పైన ఆ బటన్ కనిపిస్తే అది వాడటం ఇంకా మంచిది. ఎవరో తెలియనివాళ్లదైతే లోపలున్న ఏ లింకూ నొక్కొద్దు, నొక్కితే ఈ ఐడీ బతికే ఉందని వాళ్లకు తెలుస్తుంది, స్పామ్ అని గుర్తుపెట్టి వదిలేయండి. ఒక్క విన్నపం: మీరే ఇష్టపడి ఐడీ ఇచ్చిన చిన్న దుకాణం మెయిల్ ఇక వద్దనుకుంటే స్పామ్ నొక్కకుండా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. పై లెక్క చూశారు కదా, వెయ్యికి ముగ్గురు చాలు వాళ్ల మెయిళ్లు ఆగిపోవడానికి.

ప్రశ్న: రామప్ప గుడికి దగ్గర్లో నాలుగు గదుల హోమ్‌స్టే పెట్టాం. హైదరాబాద్, బెంగళూరు టూర్ ఆపరేటర్లకు మెయిల్ రాయాలనుకుంటున్నాం. వాళ్లు మమ్మల్ని అడగలేదు కదా, రాస్తే బాగుంటుందా? ఏం రాయాలి?

జవాబు: తప్పకుండా రాయండి. బస ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోవడం వాళ్ల వృత్తి, మీరు వాళ్ల పనికొచ్చే సంగతే చెబుతున్నారు. అయితే అందరూ చేసే పొరపాటు ఒకటుంది, కాకతీయుల వైభవం, తేలే ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు అంటూ మూడు పేరాలు రాస్తారు. టూర్ నడిపేవాళ్లకు అవన్నీ నోటికి వచ్చు. వాళ్లకు తెలియనిది మీ ఇల్లు. నాలుగు గదుల్లో ఎంతమంది పడతారు, బాత్రూమ్‌లో వేడినీళ్లు ఎలా వస్తాయి, డ్రైవర్ పడుకోవడానికి చోటుందా, చిన్న బస్సు గేటు దాకా వస్తుందా, కరెంటు పోతే ఏం చేస్తారు, రాత్రి భోజనం ఎన్నింటికి, శాకాహారం విడిగా వండుతారా, గుడికి నడిచి ఎంతసేపు, లక్నవరం చెరువుకు కారులో ఎంతసేపు. డ్రైవర్ గది ఉందన్న ఒక్క లైన్ చాలాచోట్ల బేరం కుదురుస్తుంది. గది రేటు దాచకండి, 'రేట్లకు సంప్రదించండి' అంటే పక్కన పెట్టేస్తారు.

ముందు వాళ్ల టూర్ల పట్టిక చదవండి. వరంగల్‌లో రాత్రి బస చేయించి పొద్దున రామప్ప చూపించి తీసుకెళ్లిపోయేవాళ్లయితే, ఆ బస మీ దగ్గర పెడితే సాయంత్రం గుడి తీరిగ్గా చూడొచ్చని రాయండి. అసలు ఇటువైపు రానివాళ్లకు రాసి ప్రయోజనం లేదు. మొత్తం పదిహేను మంది తేలితే ఎక్కువ, రోజుకు ముగ్గురికి మించి రాయకండి, రాసిన తేదీ, వచ్చిన జవాబు ఒక నోటుబుక్‌లో పెట్టుకోండి. మేడారం జాతర రోజులకు గదులు అడిగితే ముందే ఇచ్చేశామో లేదో స్పష్టంగా చెప్పండి, అక్కడ మాట తప్పితే మళ్లీ మీ మెయిల్ తెరవరు. చలికాలం టూర్లకు వానలు తగ్గకముందే, ఆగస్టులోనే రాయండి. మొదటి మెయిల్ పంపేముందు కావాలంటే నాకు పంపండి, చదివి చెప్తాను.